సద్ది డబ్బాల ఒక్క ముద్ద

ఒక్క అబద్ధం ఎంత బరువుంటదో నాకు ఎరుక. నోట్లకెళ్లి ఎల్లేటప్పుడు ఏమీ ఉండది. ఎల్లినంకనే మెల్లమెల్లగ వచ్చి మీద కూసుంటది. ఏండ్ల సంది దాన్ని మోసుకుంటనే వండిన, తిన్న, మంది పెండ్లిళ్లకు పోయి నవ్విన. నా మొగనికి చెప్పలే. నేను చెప్పే మాటలన్నీ ఫోన్ల కొట్టే నా కోడలుకు సుత ఈ ఒక్కటి చెప్పలే. అందుకే ఇది నా చేత్తోనే రాస్తున్న. ఐదో తరగతిల ఆగిన చెయ్యి, అక్షరాలు వంకర పోతయి. మీరెవ్వలో నాకు తెల్వదు. నేనెవ్వలో మీకు తెల్వదు. ఎరుకైనోళ్లకు చెప్పే ధైర్యమే ఉంటె ఇన్నేండ్లు ఎందుకు దాస్త?

ముందుగాల నా పని సంగతి చెప్పాలె. అది తెల్వకపోతె నేను చేసిన తప్పు మీకు చిన్నగ కనపడ్తది.

మాది గోదావరిఖని. బొగ్గుబాయిల కాడి కాలనీ. ఇక్కడ బాయిల పనిచేసినాయన రిటైరైతె హాలు తీసుకొని ఫంక్షన్ చేస్తరు. ఆలుమొగలిద్దర్నీ కుర్చీలల్ల కూసోబెట్టి, దండలేసి, శాలువ కప్పి, ఆయన బతుకు గురించి ఒక సన్మాన పత్రం మైకుల చదువుతరు. ఆ పత్రంల మాటలు కట్టేది నేను. పోయినోళ్ల సంవత్సరీకానికి ఫ్లెక్సీ మీద ఏసే మాటలు సుత నాయే. నేను పొయ్యి కాడ కూసోని చెప్తుంటె కోడలు ఫోన్ల కొట్టి ప్రింటింగ్ షాపుకు పంపుతది. నన్ను రచయిత్రి అని ఎవ్వలూ అనరు. మాటలక్క అంటరు. నాకు చదువు లేదు గానీ యాది ఉన్నది. ఎవ్వల పెండ్లిల ఏం కూర వండిండ్రు, ఎవ్వలు అలిగి ఎంగిలిపడకుండ పోయిండ్రు, అన్నీ చెప్త. నా చిన్నప్పుడు మా అవ్వ చెప్పిన కథలు ఇప్పటికీ ఒక్క మాట పోకుండ వస్తయి నాకు.

గిరాకిని ఎట్ల చూసుకోవాలెనో నాకు ఎవ్వలూ నేర్పలే. ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసుకున్నట్టే చూసుకునేదాన్ని. చాయ్ పోసి, పీట మీద కూసోబెట్టి, అడిగేది. ఏ ఏడు నౌకరిల చేరిండు, ఏ బాయిల చేసిండు, అవన్నీ ఆఫీసోళ్లకు ఎరుకే. నేను ఆయన భార్యను అడిగేది. ఆయనకు ఏ కూర ఇష్టం అక్కా? కోపమొస్తె ఏం చేస్తడు? జెరమొస్తె పండుకుంటడా, డ్యూటీకి పోతడా? గట్ల అడిగితె ఆడోళ్ల నోరు ఇప్పుకుంటది. నవ్వుతరు, ఏడుస్తరు. ఏడ్చినంక కొంగుతోటి ముక్కు తుడుసుకొని, "ఇది రాయకు చెల్లె" అని ఇంకో ముచ్చట చెప్తరు. ఇంటికొక్క "రాయకు" ఉంటది. రాసుడు సులువే. రాయొద్దన్నదాన్ని కడుపుల పెట్టుకొని, మల్ల ఆమె ఎదురుపడితె ఏమీ ఎరగనట్టు "తిన్నవా అక్కా" అనుడే కష్టం. ఇంకోటి, ప్రింటింగ్ షాపుకు పోకముందు ఆ ఇంటామెకు ఒక్కసారి చదివి వినిపించేది. ఆమె ఊ అంటెనే పంపేది. ఈ రెండు పద్ధతులు నాయి. ఎవ్వలూ పెట్టలే, నేనే పెట్టుకున్న. నేనే తప్పిన.

కనకక్క మా ఎనక లైన్ల క్వార్టర్ల ఉండేది. ఆమె మొగడు ఓదెలన్న, బాయిల బొగ్గు నింపేటాయన. సక్కని మనిషి, తలకాయ వంచుకొని పోయి తలకాయ వంచుకొని వచ్చేటోడు. ఇంక నౌకరి ఉండంగనే పానం బాగలేక దవాఖానల పోయిండు. ఆయన సంవత్సరీకానికి మాటలు కావాలెనని కనకక్క నా దగ్గరికి వచ్చింది. అడిగిన. చెప్పింది. ఏడ్చింది. పోతా పోతా మల్ల మర్రొచ్చి గడప మీద కూసున్నది.

"ఇది రాయకు చెల్లె" అన్నది.

వాళ్ల పెండ్లైన కొత్తల ఓనాడు బాయిల పైకప్పు కూలిందట. కాలనీ ఆడోళ్లంత గేటు కాడికి ఉరికిండ్రు. కొంగు నోట్ల కుక్కుకొని ఈమె సుత ఉరికింది. ఓదెలన్న మంచిగనే ఎల్లి వచ్చిండు. ఆ గడబిడల ఆయన సద్ది తినలే, డబ్బాల బువ్వ అట్లనే ఉండె. పొద్దటి సంది పచ్చి మంచినీళ్లు ముట్టని ఈమె ఇంటికొచ్చి ఆ బువ్వనే తిన్నది. ఆమె తినంగ చూసి ఓదెలన్న అన్నడట, "నాతోటి కిందికి దిగి నాతోటే పైకొచ్చిన బువ్వ అది. నువ్వు తింటుండు. నేను వస్తుంట." గా దినం సంది డ్యూటీకి పోయినప్పుడల్ల ఒక ముద్ద మిగిలిచ్చి తెచ్చేటోడు. చింతకాయ తొక్కు కలిపిన ముద్ద. ఎండకాలం అది పాసిపోయిన వాసన కొట్టేదట. అయినా వంటింటి తలుపు ఎనక నిలబడి ఈమె తినేది. పిల్లలకు పెట్టలే. అత్తకు తెల్వనియ్యలే. బాయిలోళ్లు ఎక్కిరిస్తరని, ఈ సంగతి ఎవ్వలకూ చెప్పొద్దని ఇద్దరూ ఒట్టేసుకున్నరు.

"ఆయనుండంగ ఇద్దరికి ఎరుక. ఇప్పుడు నేనొక్కదాన్నే అయిన. ఒక్కదాన్నే మొయ్యలేక నీకు చెప్తున్న" అన్నది.

నేను రాయలే. ఆ సంవత్సరీకానికి రాయలే. ఆ డబ్బా ఆమె వంటింట్ల గోడకు కొట్టిన మొలకు వేలాడుతుండేది. శుక్రవారం శుక్రవారం కడిగి మల్ల అదే మొలకు పెట్టేది. నేను పోయినప్పుడల్ల అది చూసేదాన్ని, ఆమె నన్ను చూసేది. ఇద్దరం ఏమీ అనకపోయేది. ఆ సుఖం ఏందో నాకు ఇప్పుడు తెలుస్తున్నది.

గట్ల కొన్నేండ్లు పోయినయి. రాజేశం రిటైర్మెంట్ వచ్చింది.

రాజేశం బాయిల సర్దారు. కింద పనిచేసేటోళ్ల మీద మేస్త్రి లెక్క. మాట్లాడని మనిషి. ఆయన పెద్దకొడుకు మోటర్‌సైకిల్ మీద వచ్చి, "చిన్నమ్మా, బాపు ఫంక్షన్ గొప్పగ కావాలె, మాటలు నువ్వే చెప్పాలె" అన్నడు. నేను రాజేశం భార్య సత్తక్కను కూసోబెట్టి అడిగిన.

"ఆయన ముచ్చట ఏముంటది చెల్లె?" అన్నది సత్తక్క. "తిన్నడు, పండిండు, డ్యూటీకి పోయిండు. మా బర్రె సుత ఇంతకన్న ఎక్కువ ముచ్చట పెడ్తది."

నవ్వి నవ్వి నా కడుపు నొచ్చింది. ఎన్ని తిప్పలు తిప్పి అడిగినా ఆమె దగ్గర ఏమీ దొరకలే. కష్టజీవి, నిజాయితీ గల మనిషి అని నాలుగు మాటలు కట్టి పంపిన. కొడుకు బాగలేదని మర్రేసుకొచ్చిండు. ఇంకోతీరు కట్టి పంపిన. మల్ల మర్రేసుకొచ్చిండు.

"దీంట్ల మా బాపు ఏడున్నడు చిన్నమ్మా? పేరు తీసేస్తె ఇది ఎవ్వలదన్న కావొచ్చు. గిసోంటియి ప్రింటింగ్ షాపోని కంప్యూటర్ల మస్తుగున్నయి, పేరు మారుస్తె సరిపోతది. మరి నీ దాక ఎందుకొచ్చిన?"

పోరడు అన్నది నిజమే. ఖరే కాబట్టే తగిలింది. తెల్లారితె ఫంక్షన్. రాజేశం సుట్టాలు, తోటి పనోళ్లు, బసంత్‌నగర్ కాడికెళ్లి వియ్యాలోళ్లు, అంత వచ్చేది ఉన్నది. అందరి ముంగట నా మాటలు సప్పగ పడ్తె ఇగ నా దగ్గరికి ఎవ్వలొస్తరు? గిరాకి నారాజ్‌గ పోవుడు నాకు అదే మొదలు. నేను బియ్యంల రాళ్లు ఏరుతున్న. కోడలు ఫోన్ పట్టుకొని నా పక్కన కూసున్నది. "చెప్పు అత్తమ్మా, జల్ది పంపాలె" అన్నది.

అప్పుడు నా నోట్లకెళ్లి ముద్ద ఎల్లింది.

భూమి కిందికి దిగిన దినం దినం సద్ది డబ్బాల ఒక ముద్ద మిగిలిచ్చి, పైకొచ్చి ఇంటి ఇల్లాలికి తెచ్చిన మొగడు రాజేశం అని చెప్పిన. చింతకాయ తొక్కు సుత చెప్పిన. వంటింటి తలుపు సుత చెప్పిన. చెప్తుంటె కోడలు కండ్లల్ల నీళ్లు తీసుకున్నది. "అత్తమ్మా, ఇది మస్తున్నది" అన్నది. పంపమన్న. సత్తక్కకు చదివి వినిపించలే. వినిపిస్తె "గిది మా ఇంట్లది కాదు" అంటదని నాకు ఎరుక.

ఆ గడియల నేను ఏమనుకున్న? ఎన్నిసార్లో అడిగిన నన్ను నేనే. ఎవ్వల ముచ్చటనో మరిసిపోయిన అని చెప్పుకుందామంటె, నాకు మరుపు లేదాయె. కనకక్క కూసున్న గడప యాదికున్నది, ఆమె కట్టుకున్న చీర యాదికున్నది, "రాయకు" అన్నప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకున్నది యాదికున్నది. అన్నీ యాదికుండంగనే చెప్పిన. పోయినాయన ముచ్చట, వాడుకుంటె ఎవ్వలకు తక్కువైతది అనుకున్ననేమో. కాదు. అది సుత తర్వాత కట్టుకున్న మాటనే. ఆ గడియల నాకు మస్తుగ చెప్పాలెనన్న ఆశ తప్ప ఏం లేకుండె.

ఫంక్షన్ల ఒక సారు మైకు పట్టుకొని చదివిండు. ముద్ద కాడికి వచ్చేసరికి హాలంత నిమ్మళమైంది. గంటె సప్పుడు లేదు, పిల్లల లొల్లి లేదు. ఆడోళ్లంత కొంగులు కండ్లకు అద్దుకున్నరు. సత్తక్క పక్కకు మర్రి మొగన్ని చూసింది. రాజేశం నేల చూసుకుంట కూసున్నడు. కాదనలే. కాదనాలంటె మాట్లాడాలె గదా. సత్తక్క మెల్లగ ఆయన చెయ్యి మీద చెయ్యేసింది. ఆమె తర్వాత నా చెవిల అన్నది, "లేనిదే గానీ చెల్లె, ఉన్నట్టే అనిపిచ్చింది." ఇప్పుడు ఆమెను అడిగితె ఉండె అనే అంటది. మనుమరాండ్లకు సుత చెప్తున్నదట.

నేను ఆ మందిని చూసుకుంట ఉబ్బిపోయిన. ఒక్క మనిషి మాత్రం ఏడుస్తలేదు.

కనకక్క.

ఓదెలన్న, రాజేశం ఏండ్లకేండ్లు ఒక్క షిఫ్టుల చేసిండ్రు. ఆమెను పిలువకుండ ఎట్లుంటరు? గా సంగతి నాకెట్ల తట్టలే? అంత యాది ఉన్నదాన్ని. సత్తక్కకు పెట్టనీకి తెచ్చిన జాకిటి ముక్కను ఒళ్లె పెట్టుకొని, మడత ఇప్పుకుంట, మల్ల మడత పెట్టుకుంట కూసున్నది ఆమె.

అన్నాలు తిన్నంక నల్లా కాడ చెయ్యి కడుగుతుంటె నా పక్కకు వచ్చింది.

"చెల్లె" అన్నది. "రాజేశం సుత ముద్ద తెచ్చేటోడా?"

"సత్తక్క గట్లనే చెప్పింది అక్కా" అన్న.

"చింతకాయ తొక్కు ముద్దనేనా?"

నేను చెయ్యి కడుగుడు ఆపలే.

"నువ్వైతె చెప్పవు. నాకెరుకే" అన్నది. ఆ మాట ఆమె ఎంత నమ్మకంతోటి అన్నదంటె, నేను అప్పుడే "నేనే అక్కా" అనాలె. అప్పుడు అంటె ఆమె తిట్టు, మహా అంటె ఒక చెంపదెబ్బ, అంతటితోటి పోయేది. ఆమెనే మల్ల అన్నది, "మరి మా ఆయననే బాయిల చెప్పుకున్నడా? ఒట్టేసి?"

నేనేమన్ననో చెప్పనీకే ఇదంత రాస్తున్న.

"చెప్పుకున్నడేమో అక్కా. మొగోళ్లు కిందికి దిగినంక ఏం మాట్లాడుకుంటరో మనకేం ఎరుక?"

నల్లా పారుతనే ఉన్నది. కనకక్క బంద్ చెయ్యలే. "అంతేనా" అన్నది. మల్ల, "నవ్వుకున్నరు కావొచ్చు అందరు" అన్నది. తడి చేతులు చీరకు తుడుసుకొని పోయింది. జాకిటి ముక్క సత్తక్కకు పెట్టుడు మర్సిపోయి ఇంటికి తీసుకపోయింది.

దొంగతనం ఒకటి. అది చేసిన. దానికన్న పెద్దది ఇది. మాట్లాడనీకి నోరు లేని మనిషి మీద, మట్టిల కలిసినాయన మీద, నా తప్పు ఏసిన. ఆమెకు ఆయన ఇచ్చిపోయింది ఒక్క ముద్దనే. దాన్ని నేను ఆమె నోటికాడికెళ్లి గుంజుకొని, ఆయననే గుంజుకున్నడని చెప్పిన.

తర్వాత ఓనాడు వాళ్లింటికి పోతె మొల ఒక్కటే ఉన్నది. డబ్బా లేదు. "పాత సామానోడు వస్తె ఏసిన. ఉల్లిగడ్డలిచ్చిండు" అన్నది. ఆ ఉల్లిగడ్డలే తరుగుతున్నది అప్పుడు. కండ్లల్ల నీళ్లు ఎందుకొచ్చినయో నేను అడగలే. అప్పటి సంది ఓదెలన్న ముచ్చట తీస్తె, "ఉండె. అందరి లెక్కనే ఉండె" అని లేచిపోయేది. ఆయన ఫ్లెక్సీ కట్టించుడు బంద్ చేసింది. నా మీద మాత్రం ప్రేమ తగ్గలే. ఏటేటా కొత్త చింతకాయ తొక్కు నూరి సీసల పెట్టి పంపేది. నేను తినకపోయేది. ఇంట్లోళ్లు అడిగితె కడుపుల మంట అని చెప్పేది.

నా గిరాకి పెరిగింది. "ముద్ద సోంటి ముచ్చట మాకు సుత పెట్టు అక్కా" అని వచ్చిండ్రు. నేను మల్ల అది ముట్టలే. నేను ముట్టకపోతె ఏమాయె? ప్రింటింగ్ షాపోడు కంప్యూటర్ల పెట్టుకున్నడు. పేరు మార్చి ఎవ్వలకంటె వాళ్లకు ఏస్తున్నడు. మొన్న రామకృష్ణాపూర్ల సుట్టాల ఫంక్షన్‌కు పోతె అక్కడ సుత మైకుల అదే ముద్ద. అందరూ ఏడ్చిండ్రు. నేను బయటికొచ్చి నిలబడ్డ.

చెప్పాలెనని ఎన్నిసార్లు పోలే? బతుకమ్మల ఆమె పక్కన ఆడుకుంట అనుకున్న. ఆమె దవాఖానల పడ్డప్పుడు గ్లాసుల నీళ్లు పట్టుకుంట అనుకున్న. ఎందుకు చెప్పలే? "రాయకు" అన్నదాన్ని మాటలక్క బయటపెట్టిందట అని తెలిస్తె, ఈ కాలనీల ఏ ఆడామె మల్ల నా పీట మీద కూసుంటది? ఏ ఇంటి ముచ్చట ఇంకేడికి మోసిందో అని అందరూ ఎనకకు పోయి చూసుకుంటరు. ఆ భయం ఒకటి. కనకక్క మల్ల నా ఇంటికి రాదన్న భయం ఒకటి. ఏది పెద్దదో నాకు తెల్వదు. మొదటిదే పెద్దదేమో అన్న అనుమానంతోటే నాకు నిద్ర పట్టది. దవాఖానల ఆమె అన్నది, "నేను పోతె నా ఫ్లెక్సీ మీద మాటలు నువ్వే చెప్పు చెల్లె. ఆయన ముచ్చట మాత్రం ఎక్కువ పెట్టకు." నేను తలకాయ ఊపిన. తలకాయనే ఊపిన.

కనకక్క పోయింది.

ఆమె బిడ్డ రమ వచ్చి అదే పీట మీద కూసున్నది. చాయ్ పోసిన. అడిగిన. అన్నీ చెప్పింది. చెప్పినంక, "ఒక్కటి సమజ్ కాలే చిన్నమ్మా" అన్నది. "బాపు సద్ది డబ్బాను అవ్వ మమ్మల్ని ముట్టనియ్యకుండె. గట్లాంటిది ఉల్లిగడ్డలకు ఏసింది. ఎందుకేసిందో నీకేమన్న చెప్పిందా?"

"లేదు బిడ్డా" అన్న.

"నీకు చెప్పకపోతె ఇంకెవ్వలకు చెప్తది" అన్నది రమ, ఖాళీ గ్లాసు పక్కన పెట్టుకుంట. మాటలు కట్టి చదివి వినిపిచ్చిన. ఊ అన్నది. పోయేటప్పుడు నా కాళ్లు మొక్కింది. వద్దనబోయి ఊకున్న.

ఇప్పుడు ఆ ఫ్లెక్సీ మా లైన్ల మూల మీద ఉన్నది. కూరగాయలకు పోంగ, రాంగ చూస్త. దాని మీద కనకక్క నవ్వుతుంటది. కింద నా మాటలుంటయి. ఓదెలన్న పేరు ఒక్కతానే ఉన్నది, ఆమె చెప్పినట్టే.

మీరు నన్ను మాఫ్ చేస్తరని ఇది రాయలే. మాఫ్ చెయ్యాల్సినామె లేదు. ఉంటె సుత చెయ్యకపోతేనే మంచిగుండేది. దీంట్ల అందరి పేర్లు మార్చిన. ఉల్లిగడ్డలు మార్చలే. రమ ఎప్పుడన్న ఇది చదివితె దాన్ని పట్టుకొని ఎరుకపడ్తది. పడనీ. వచ్చి అడిగితె ఈసారి లేదనను.

ఒక మాట మాత్రం ఎవ్వలకూ చదివి వినిపించకుండ, ఎవ్వల ఊ కోసం చూడకుండ రాస్త. నల్లా కాడ అనాల్సింది.

కనకక్కా, ఓదెలన్న ఒట్టు తప్పలే. బాయిల ఎవ్వలూ నవ్వలే. ఆయన ఎవ్వలకూ చెప్పలే. చెప్పింది నేను.